మాలపిల్ల పాత్ర ఉంది, మాల ఆడపిల్ల ఏదీ?

‘సినిమాకి కులమేంటండీ, అది వినోదం’ అంటుంటారు. మా జేజికి ఆ అనుమానం లేదు. టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు మీద కూచుని సినిమాలు చూసిన మనిషి. ‘మనిండ్ల ఆడోళ్లు తెర మీద యాడన్నా కనపడిరా?’ అని అడిగేది. ఆ ప్రశ్నకి జవాబు మన కడప జిల్లా నుంచే వెతకాలి.

1885లో సురభి గ్రామంలో ‘కీచకవధ’ ప్రదర్శనతో సురభి నాటక సమాజం మొదలైంది. అవి తోలుబొమ్మలాటతో పొట్ట పోసుకున్న కుటుంబాలు. మగవాళ్లే చీరకట్టి ఆడవేషం వేసే కాలంలో సురభి ఆడవాళ్లు తామే రంగమెక్కారు. 1932లో హెచ్.ఎం. రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి వేషం కట్టిన సురభి కమలాబాయి అక్కణ్నించి వచ్చిన మనిషే. ‘పరువైన’ ఇళ్లు ఆడవాళ్లని గడప దాటనీయని రోజుల్లో తెలుగు సినిమాకి తొలి నాయికనిచ్చింది ఊరూరా తిరిగే కళాకారులు. అయితే ఆమెకి దొరికింది పురాణంలో రాణి వేషం. తమ బతుకు తెరకెక్కలేదు.

1938లో గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ వచ్చింది. కథ చలం, మాటలు తాపీ ధర్మారావు. పూజారి కొడుకు మాలపిల్లను ప్రేమించడం, గుడి ప్రవేశం కోసం పోరాటం ఇందులో విషయాలు. ఆ రోజుల్లో అది చిన్న సాహసం కాదు. కాని ఆ పాత్ర వేసింది దళితేతర నటి కాంచనమాల. కథలో పోరాటానికి పెద్దదిక్కు గాంధేయవాది చౌదరయ్య. అంటే మన కథ తీసుకున్నారు, మన మనిషిని బయటే ఉంచారు.

లోపలికొచ్చిన మనిషికి ఏమైంది? మలయాళంలో తొలి మూకీ ‘విగతకుమారన్’లో దళిత యువతి పి.కె. రోజీ నాయర్ స్త్రీ వేషం వేసింది. అగ్రకులాల దాడికి ఊరు వదిలి పారిపోయింది. దళితేతర స్త్రీ మాలపిల్ల వేషం వేస్తే అభ్యుదయం. దళిత స్త్రీ నాయర్ వేషం వేస్తే నేరం! హాలీవుడ్‌దీ ఇదే నీతి. 1937లో ‘ది గుడ్ ఎర్త్’ సినిమాలో చైనా రైతు భార్య పాత్ర చైనా మూలాలున్న అన్నా మే వాంగ్‌కి కాకుండా తెల్లనటి లూయీస్ రైనర్‌కి ఇచ్చారు. 1940లో ఆస్కార్ గెలిచిన తొలి నల్లజాతి నటి హ్యాటీ మెక్‌డేనియల్‌ని ఆ విందులోనే విడిగా కూచోబెట్టారు. ఆమెకి బహుమానం తెచ్చింది కూడా పనిమనిషి పాత్రే.

దళిత స్త్రీకి ఆట రాదని ఎవరైనా అంటే నమ్మొద్దు. మన కర్నూలు జిల్లా ఆదోని వైపు దళిత ఆడపిల్లల్ని బసివినులుగా వదిలి, జాతరలో ఆడించిన సమాజం ఇది. ఆ దురాచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1988లో. వీధిలో ఆడడానికి పనికొచ్చిన శరీరం తెర మీద నాయికగా ఎందుకు పనికిరాలేదు? అడ్డం వచ్చింది కళ కాదు, గౌరవం. నాయిక అంటే చూసేవాళ్లు గౌరవించాల్సిన మనిషి. ఆ గౌరవాన్ని దళిత స్త్రీకివ్వడానికి ఈ సమాజం ఒప్పుకోలేదు.

కాబట్టి పాత సినిమా చూపించి పాఠం చెప్పే మిత్రులు కథ దగ్గరే ఆగొద్దు. కథ ఎవరిది, ముఖం ఎవరిది, డబ్బు ఎవరిది అని పిల్లల చేత అడిగించాలి. మా జేజి అడిగింది అదే.