నిరీశ్వరవాదము – క్రైస్తవము : ఒక ప్రాచీన ప్రశ్న

'నాస్తికుడు' అను మాట నేడు దేవుని కాదనువానియందు రూఢమైనది. కాని మన దర్శనములలో వేదప్రామాణ్యమును నిరాకరించువాడే నాస్తికుడు. కనుకనే ఈశ్వరుని అంగీకరింపని సాంఖ్యమును ఆస్తికదర్శనములలో చేర్చిరి. పాశ్చాత్యుల వివాదము దేవుని ఉనికిని గూర్చినది గావున ఇచట 'నిరీశ్వరవాద' మను పదమునే గ్రహించుచున్నాము.

ఈ వాదమునకు మూలపురుషునిగా గ్రీకు తత్త్వవేత్త ఎపిక్యూరసును (క్రీ.పూ. 341–270) పెక్కురు పేర్కొందురు. ఇది సవరింపదగిన అభిప్రాయము. ఆయన దేవతలు లేరనలేదు; వారికి మానవుల సుఖదుఃఖములతో ప్రమేయము లేదనెను. అయినను ఆయన పేర నిలిచిన ప్రశ్న యొకటి నిరీశ్వరవాదులకు ముఖ్యాధారమైనది. దాని సారాంశ మిది: దేవుడు దుఃఖమును తొలగింపలేనివాడైన సర్వశక్తుడు కాడు, తొలగింప నిచ్చగింపనివాడైన దయామయుడు కాడు, శక్తియు దయయు గలవాడేని లోకమున దుఃఖ మేల కలదు?

ఈ ప్రశ్న ఎపిక్యూరసు లభ్యరచనలలో కానరాదు. క్రీ.శ. 4వ శతాబ్దమున లాక్టాంటియసను క్రైస్తవపండితుడు దైవక్రోధమును గూర్చిన తన లాటిను గ్రంథమున దీనిని ఖండించుటకై ఉదాహరించెను. చెడు నెరుగనిచో మంచిని వివేచించు జ్ఞానము కలుగదని ఆయన సమాధానము. ప్రతివాది గ్రంథమే పూర్వపక్షమును కాపాడినది. చార్వాకమతము మనకు సర్వదర్శనసంగ్రహాదుల మూలమున తెలియుటయు నిట్టిదే.

హ్యూము మరణానంతరము 1779లో వెలువడిన సంవాదగ్రంథమున ఈ ప్రశ్న మరల తలయెత్తెను. 1955లో జె. ఎల్. మాకీ దీనికి తర్కరూప మొసగి, దుఃఖముండుటయు సర్వశక్తుడగు దయామయుడుండుటయు పరస్పరవిరుద్ధములని వాదించెను. 1974లో క్రైస్తవతాత్త్వికుడు ప్లాంటింగా, ఇచ్ఛాస్వాతంత్ర్యముగల జీవులు మంచినే ఎన్నుకొనునట్లు చేయుట సర్వశక్తునికైనను సాధ్యము కాకపోవచ్చునని ప్రత్యుత్తర మిచ్చెను. విరోధమను ఆక్షేపణ దీనిచే సడలినదని నిరీశ్వరవాదులలోను పలువు రంగీకరించిరి.

అంతటితో వివాదము ముగియలేదు. కార్చిచ్చున చిక్కి, ఎవరి కంటను బడక, దినములకొలది యాతనపడి మరణించు లేడిపిల్లను 1979లో విలియం రో దృష్టాంతముగా చూపెను. ఆ యాతనవలన ఎవరికే మేలు? మానవుని స్వేచ్ఛ దీనికి సమాధానము కాజాలదు. ఆయన దీనిని తార్కికవిరోధముగా గాక, దేవుడు లేడనుటకు సాక్ష్యముగా నుంచెను.

ఈ ప్రశ్నను క్రైస్తవమునకు బాహ్యమని త్రోసివేయుట తగదని మా అభిప్రాయము. బైబిలులోని యోబు నిర్దోషియై దుఃఖించి దేవునే ప్రశ్నించెను. దుఃఖమెల్ల పాపఫలమని వాదించిన ఆతని మిత్రులే తుదకు దేవుని ఆగ్రహమునకు పాత్రులైరి. ప్రశ్నించినవానికంటె తేలికసమాధానము చెప్పినవారినే ఆ గ్రంథము దోషులనుగా నెంచినది. ఉభయపక్షములవారును విస్మరింపరాని విషయ మిది.