ఓవర్‌డ్రైవు: దోషము నెరుగు విధము

మనుష్యుడు కొండ నెక్కునపుడు చిన్న అడుగులు వేయును. చదునైన బాటమీద పెద్ద అంగలు వేయును. మోటారుకారునకు గేర్లు అట్టి అడుగుల వంటివి. చివరి గేరుకంటెను పెద్ద అంగ వేయించుటకై ఇంగ్లండు దేశపు ఇంజనీరగు ఎడ్గార్ డి నార్మన్‌విల్ ఒక ఓవర్‌డ్రైవు యంత్రమును కల్పించెను. షెఫీల్డు నగరమందలి లేకాక్ సంస్థ దానిని నిర్మించెను. 1962 మొదలు 1980 వరకు ఆ దేశమున తయారైన ఎమ్.జి.బి. కార్లలో పెక్కింటికి ఇది అమర్చబడెను. దీనివలన ఇంజను 100 చుట్లు తిరుగవలసినచోట సుమారు 80 చుట్లు తిరిగిన చాలును. పెట్రోలు ఆదా యగును, చప్పుడు తగ్గును.

గేరుపెట్టె వెనుక నుండు ఈ యంత్రమున నడుమ సూర్యచక్రము, దాని చుట్టును గ్రహచక్రములు, వాని వెలుపల వలయచక్రము కలవు. డ్రైవరు మీట వేయగానే సోలినాయిడ్ అను విద్యుదయస్కాంతము ఒక కవాటమును తెరచును. పంపుచే ఒత్తిడి పొందిన నూనె శంకువు ఆకారముగల క్లచ్చిని కదల్చి, సూర్యచక్రమును తిరుగకుండ పట్టును. అప్పుడు గ్రహచక్రములు దాని చుట్టును దొర్లుచు వలయచక్రమును అధికవేగముతో త్రిప్పును. ఆ వేగమే కారు చక్రములకు చేరును.

ప్రాతకారులో ఇది పనిచేయకున్నచో యజమాని తొందరపడి విప్పింప బూనరాదు. ఎమ్.జి.బి.లో దీనిని వెలికి తీయవలెనన్న ఇంజనును, గేరుపెట్టెను కూడ దింపవలెను. తీరా చూచిన దోషము వదులైన తీగ మాత్రమే కావచ్చును!

కావున మొదట నూనె మట్టము చూడవలెను. గేరుపెట్టెకును దీనికిని నూనె ఒక్కటే. పిదప ఇంజనును ఆపి, విద్యుత్తు నుంచి, చివరి గేరు వేసి, మీట వేసి చెవియొగ్గి వినవలెను. సోలినాయిడ్ ‘టిక్కు’మననిచో ఫ్యూజు, తీగలు, గేరుపెట్టెపై నున్న స్విచ్చి పరీక్షింపవలెను. శబ్దము వినవచ్చియు యంత్రము పట్టనిచో కవాటమున మురికి చేరినదేమో, జల్లెడ పూడినదేమో, నూనె ఒత్తిడి తగ్గినదేమో విచారింపవలెను. పట్టియు జారుచున్నచో క్లచ్చి పూత అరిగి యుండవచ్చును.

ఒక ప్రమాదము మాత్రము మరువరాదు. మీట తీసినను ఓవర్‌డ్రైవు విడువనిచో కారును వెనుకకు నడపరాదు. లోనున్న ఏకదిశా క్లచ్చి ముందుకే విడిగా తిరుగును. వెనుకకు త్రిప్పిన బిగిసిపోవును. ఆ బిగింపున యంత్రము పగులును. అరనిమిషపు అజాగ్రత్తవలన కలిగిన నష్టమును సరిచేయుటకు ఎన్నియో దినములు పట్టును.

నేర్పరి ముందు చూచును, పిదప వినును, ఆలోచించును. కడపట మాత్రమే విప్పును.