రాకు పాత్ర పగులుట యేల?

జపానునందలి క్యోటో నగరమున 16వ శతాబ్దమున ఛోజిరో యనునతఁడు తేనీటి గిన్నెలు చేసిన నాఁటినుండి రాకు పద్ధతి ప్రసిద్ధము. ఇందు ఎఱ్ఱగాఁ గాలిన పాత్రను పట్టుకారుతో ఆవమునుండి వెలికిఁదీయుదురు. క్రొత్తగా నేర్చువారి పాత్రలు తఱచుగాఁ బగులును. అప్పుడు నిప్పును నిందింపక, పాత్ర యెప్పుడు పగిలెనో చూడుఁడని మేము చెప్పుదుము. ఆవములోనే పేలినచో లోపల తేమ మిగిలియుండెనని యెఱుఁగవలెను. పూత పూసినపిదప బాగుగా నారఁబెట్టవలెను. వెలికిఁదీసినంతనే చీలినచో మన్ను మిక్కిలి మెత్తనిది. అందు కాల్చిన మంటిపొడి కలుపవలెను. పగులకున్నను గాజుపూత గరుకుగా నిలిచినచో వేఁడిమి చాలలేదనుట. ఈ పూతలు సాధారణముగా 900 మొదలు 1000 సెంటిగ్రేడు డిగ్రీలలోఁ గరఁగి నిగనిగలాడును. పెంకులను పాఱవేయకుఁడు, తరువాతి పాత్రకు వలయు పాఠము వానియందే యున్నది.