కొర్రమట్ట వేట: గాలం ఎప్పుడు వేయాలి, ఎప్పుడు ఆపాలి?

ఆదివారం ఫజర్ నమాజ్ కాగానే బైక్‌కు గాలపు కర్రలు కట్టుకుని బయలుదేరే యువకులు నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఇప్పుడు చాలామందే కనిపిస్తున్నారు. కొందరు డిండి ప్రాజెక్టు వైపు, కొందరు నాగార్జునసాగర్ వెనుక జలాల వైపు, మరికొందరు దేవరకద్ర దగ్గరి కోయిల్‌సాగర్ వైపు పోతారు. ఎటూ పోలేనివాళ్లకు ఊరి చెరువు ఉండనే ఉంది. వీళ్లకు చేపల వేట బతుకుదెరువు కాదు, సరదా. పొద్దంతా కూర్చున్నా ఒక్క చేప పడకపోవచ్చు. అయినా వచ్చే వారం మళ్లీ పోతారు.

ఇంట్లో అమ్మీ అడిగే ప్రశ్న మాత్రం ఒకటే: "నీళ్ల కాడికి పోతున్నవు, ఎవరితో పోతున్నవు?" నిజానికి ఈ సరదాలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న అదే. గాలం వేయడం ఒక పూటలో నేర్చుకోవచ్చు. ఎక్కడ వేయకూడదు, ఎప్పుడు ఆపాలి అనేది మాత్రం పక్కన తెలిసిన మనిషి ఉంటేనే వస్తుంది.

అమెరికాలో బాస్, మన దగ్గర కొర్రమట్ట

అమెరికాలో సరదా వేటగాళ్లు ఎక్కువగా వెంటపడే చేప లార్జ్‌మౌత్ బాస్. 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ పట్టిన 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్, అంటే సుమారు 10 కిలోల చేప, ఇప్పటికీ రికార్డుల్లో మొదటి వరుసలోనే ఉంది. బాస్ నాచులో, మునిగిన చెట్ల మధ్య దాక్కుంటుంది. ఎర దగ్గరికి రాగానే ఒక్కసారిగా దూకుతుంది.

మన చెరువుల్లో సరిగ్గా ఇదే పని చేసేది కొర్రమట్ట. కోస్తాలో కొర్రమీను అంటారు. తెలంగాణ రాష్ట్ర చేప కూడా ఇదే. తుంగ, తామర, గుర్రపుడెక్క కింద కదలకుండా పొంచి ఉంటుంది. కప్ప, చిన్న చేప, పురుగు, ఏది కదిలినా మింగేస్తుంది. ఇంకో సంగతి ఏమిటంటే, ఇది మొప్పలతోనే బతకలేదు. మధ్యమధ్యలో పైకి వచ్చి గాలి పీల్చుకోవాల్సిందే. అందుకే మార్కెట్లో తొట్టిలో కొంచెం నీళ్లున్నా ప్రాణంతో ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్లు చెరువు కాడికి రాగానే కర్ర తీయరు. పది నిమిషాలు ఊరికే నిలబడి నీళ్లు చూస్తారు. ఎక్కడ బుడగ లేచింది, ఎక్కడ తుంగ కదిలింది అన్నది వాళ్లకు అప్పుడే తెలిసిపోతుంది.

ఏ చేపకు ఏ లోతు?

కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు అన్ని చేపలకూ ఒకే లోతులో గాలం వేయడం. బొచ్చె పై నీళ్లలో తింటుంది. రవ్వ మధ్య నీళ్లలో, మ్రిగాల అడుగున మేత వెతుక్కుంటాయి. బొచ్చె కోసం బెండును గాలానికి దగ్గరగా కట్టాలి. మ్రిగాల కావాలంటే ఎర నేలను తాకేంత లోతు వదలాలి. ఈ మూడింటికీ పల్లి చెక్క, తవుడు, పిండి కలిపిన ముద్ద పనికొస్తుంది.

కొర్రమట్టకు ముద్ద పనికిరాదు. దానికి కదిలే ఎర కావాలి. పల్లెల్లో బతికున్న చిన్న కప్పను గాలానికి గుచ్చే అలవాటు ఉంది. మన ఇళ్ల పిల్లలకు ఇక్కడే ఒక మాట చెప్పాలి. కప్పను చంపొద్దని హదీసులో ఉంది. ప్రాణంతో ఉన్న జీవిని గుచ్చి బాధపెట్టడాన్ని కూడా ఆలిములు తప్పుపడతారు. ఇప్పుడు దుకాణాల్లో రబ్బరు కప్పలు దొరుకుతున్నాయి. గాలం ముల్లు పైకి తిరిగి కప్ప వీపుకు ఆనుకుని ఉంటుంది కాబట్టి నాచుకు తట్టుకోదు. బాస్ కోసం వాడే రబ్బరు కప్పలు కూడా ఇలాంటివే.

వేసే పద్ధతి ఇది. నాచులో ఖాళీ ఉన్న చోటు చూసుకోవాలి. కప్పను దానికి అవతల పడేటట్లు విసరాలి. మెల్లగా లాక్కుంటూ వచ్చి ఆ ఖాళీలో ఒక్క క్షణం ఆపాలి. చేప దూకిన చప్పుడుకు కంగారుపడి వెంటనే గుంజితే రబ్బరు కప్ప ఖాళీగా తిరిగొస్తుంది. ఒకటి, రెండు అని లెక్కపెట్టి, దారం బరువెక్కాక గుంజాలి. కొర్రమట్టకు పళ్లుంటాయి. నోట్లో వేలు పెట్టకుండా పట్కారుతోనే గాలం తీయాలి. పొద్దున్నే, అస్ర్ తర్వాత ఎండ తగ్గినప్పుడు వేట బాగుంటుంది.

ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే...

వానలు పడ్డాక చెరువు అంచుల్లో నీళ్ల మీద ఎర్రటి చిన్న పిల్లల గుంపు ముద్దలా కదలడం కనిపిస్తుంది. అవి కొర్రమట్ట పిల్లలు. కిందనే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ సమయంలో రబ్బరు కప్ప వేస్తే తప్పకుండా దూకుతాయి. కానీ అది ఆకలితో కాదు, పిల్లలను కాపాడుకోవడానికి. వేటగాడికి ఇంతకన్నా తేలికైన చేప దొరకదు. ఇంతకన్నా ఖరీదైన తప్పూ ఉండదు. పెద్ద చేపను తీసేస్తే కాపలా లేని పిల్లలను మిగతా చేపలు తినేస్తాయి. ఒక్క చేప కోసం రెండేళ్ల తర్వాత దొరకాల్సిన చేపలు పోతాయి.

బాస్ విషయంలోనూ అంతే. అక్కడ మగ చేప గూడుకు కాపలా ఉంటుంది. అమెరికాలో 1968లో రే స్కాట్ మొదలుపెట్టిన బాస్ వేటగాళ్ల సంఘం 1972 నుంచి పోటీల్లో పట్టిన చేపను చంపకుండా నీళ్లలో వదలాలని ప్రచారం చేసింది. టెక్సాస్‌లో ఉన్న మన బంధువులను అడిగినా చెప్తారు: పెద్దవాళ్లకు లైసెన్స్ ఉండాలి, లార్జ్‌మౌత్ బాస్ సాధారణంగా 14 అంగుళాల కన్నా చిన్నదైతే వదిలేయాలి, రోజుకు 5 దాటకూడదు. మన దగ్గర ఒడ్డున కొలబద్ద పట్టుకుని చూసేవాళ్లు లేరు. కాబట్టి ఆ పని పక్కనున్న దోస్తే చేయాలి. తినడానికి సరిపడా తీసుకో, చిన్నది వదిలేయి, పిల్లలున్నదాని జోలికి పోకు అని చెప్పాలి.

చెరువు ఎవరిది?

ఈ ప్రశ్న అడగకుండా గాలం వేస్తే గొడవలు అక్కడే మొదలవుతాయి. చాలా చెరువుల్లో చేపలు పట్టుకునే హక్కు మత్స్యకారుల సహకార సంఘాలది. ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలు ఎన్నో దాని మీదే ఆధారపడి ఉన్నాయి. 2016లో మొదలైన పథకం కింద ప్రభుత్వం ఈ చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదులుతూ వచ్చింది. అవి పెరిగితేనే సంఘం సభ్యుల ఇల్లు గడుస్తుంది. మనకు సరదాగా దొరికిన రెండు రవ్వలు వాళ్ల లెక్కలో సొమ్ము.

అందుకే ముందు సంఘం పెద్దను కలిసి సలాం చెప్పి, అడిగి, ఒప్పుకుంటేనే కూర్చోవాలి. డబ్బులు అడిగితే ఇవ్వాలి. వద్దంటే తిరిగి రావాలి. పెద్ద ప్రాజెక్టుల్లో అయితే మత్స్యశాఖ ఆఫీసులో అడగాలి. చేపలు గుడ్లు పెట్టే వానాకాలంలో వేట నిషేధం ఉంటుంది కాబట్టి తేదీలు కూడా అక్కడే తెలుసుకోవాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం పరిధిలోని కృష్ణా ఒడ్డున అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. తూటాలు పేల్చి, మందు కలిపి చేపలు పట్టడం నేరం.

ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు

నాగార్జునసాగర్ డ్యాముకు 26 గేట్లు. గేట్లు ఎత్తకపోయినా, కరెంటు తయారీ మొదలైతే దిగువన నీళ్లు పెరుగుతాయి. పొద్దున పొడిగా ఉన్న బండ మధ్యాహ్నానికి నీళ్ల మధ్యలో ఉండొచ్చు. వనపర్తి జిల్లాలోని సరళాసాగర్‌ది ఇంకో తీరు. అక్కడ సైఫన్ పద్ధతి ఉంది. నీటిమట్టం నిండితే ఎవరూ గేటు ఎత్తకుండానే నీళ్లు దిగువకు దూకుతాయి. హెచ్చరించే మనిషి ఉంటాడని అనుకోవద్దు. డ్యాముల దిగువన, అలుగుల మీద, తూముల దగ్గర గాలం వేయకూడదు.

మరో ప్రమాదం చాలామందికి తెలియదు. కొత్తరకం కర్రలు ఎక్కువగా కార్బన్‌తో చేసినవి. కార్బన్‌లో కరెంటు పారుతుంది. పొలాల్లో మోటార్లకు లాగిన తీగలు చెరువు కట్టల మీద కిందికి వేలాడుతుంటాయి. విసిరేముందు తల ఎత్తి చూడాలి. ఉరుము వినబడితే కర్ర కింద పెట్టి ఒడ్డు వదిలి పోవాలి.

నాచులో ఇరుక్కున్న గాలం కోసం నీళ్లలో దిగొద్దు. దారం కోసేయాలి. రబ్బరు కప్ప మళ్లీ కొనుక్కోవచ్చు. ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకకుండా కర్ర, తాడు, ఖాళీ క్యాను అందించాలి. 112కు ఫోన్ చేయాలి. రెండో ప్రాణం పోయేది చాలాసార్లు తొందరపాటుతోనే.

ఒడ్డు మీద దోస్తీ

ఈ ఒడ్డుకు కొన్ని రాయని మర్యాదలున్నాయి. ఒకరి దారం మీదుగా ఇంకొకరు వేయరు. పక్కవాడికి పెద్ద చేప పడితే తమ దారాలు చుట్టేసుకుని వల పట్టుకుని వస్తారు. ముద్ద అయిపోతే అడక్కుండానే సగం ఇస్తారు. చాచా వయసు మనిషి కాలేజీ కుర్రాడికి ముడి వేయడం నేర్పుతాడు. డబ్బాలో తెచ్చిన రొట్టె, పులిహోర అందరి మధ్యకు వస్తాయి. నమాజ్ టైం అయితే కర్ర చూసేది పక్కనున్న యాదయ్యో, మల్లేశో. తెగిన దారం ముక్కలు ఒడ్డున పడేయరు, ఎందుకంటే వాటిలో పిట్టల కాళ్లు చిక్కుకుంటాయి.

పిల్లవాడు గాలం కొనివ్వమని అడిగితే వద్దనాల్సిన పని లేదు. కానీ కర్రకన్నా ముందు తోడు ఎవరో చూడండి. "ఇక్కడ వేయి" అని చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. "ఇక చాలు, పోదాం పా" అనగలిగే మనిషి వెంట ఉంటే సాయంత్రం ఇంట్లో అమ్మీ తలుపు దగ్గర నిలబడి ఎదురుచూడాల్సిన అవసరం ఉండదు.