ఫ్లాపీ డ్రైవు చెడిపోతే పారెయ్యాలా?



మేమిద్దరం మన హాస్టల్లో పక్కపక్క ట్రంకు పెట్టెలతో చదువుకున్నవాళ్ళం. ఇప్పుడు ఇంగ్లండులో ఉద్యోగాలు చేస్తున్నాం. 2023లో మా ఇంటి ఓనరమ్మ గారు అటక మీది పాత కంప్యూటరు ఒకటి దింపించారు. 1985లో వచ్చిన ఆమ్‌స్ట్రాడ్ సి.పి.సి. 6128. కీబోర్డు, కంప్యూటరు, ఫ్లాపీ డ్రైవు అన్నీ ఒకే పెట్టె. దాంతోపాటు ఆరు ఫ్లాపీలు. చనిపోయిన ఆవిడ భర్త టాస్‌వర్డ్ అనే ప్రోగ్రాములో టైపు చేసిన ఉత్తరాలు వాటిలో ఉన్నాయట. అవి చదవాలని ఆవిడ కోరిక.

మన ల్యాబులో చూసిన ఫ్లాపీ మూడున్నర అంగుళాలది. ఇది మూడు అంగుళాలది. ఒక్కో వైపు 180 కె.బి. మాత్రమే పడుతుంది. ఒక వైపు అయ్యాక పాటల క్యాసెట్టులా తిప్పి పెట్టాలి. ఆమ్‌స్ట్రాడ్ వంటి కొద్ది యంత్రాలు తప్ప ఈ సైజును ఎవరూ పెద్దగా వాడలేదు.

స్విచ్ వేసి, ఫ్లాపీ పెట్టి, 'క్యాట్' అని కొట్టాం. 'డ్రైవ్ ఎ: డిస్క్ మిస్సింగ్' అని వచ్చింది. లోపల ఫ్లాపీ ఉంది కదా! డ్రైవు పోయిందనుకుని తొందరపడి గోటెక్ తెప్పించాం. గోటెక్ అంటే ఫ్లాపీ డ్రైవు స్థానంలో పెట్టే చిన్న పెట్టె. పెన్‌డ్రైవులోని ఫైలునే ఫ్లాపీ అని కంప్యూటరును నమ్మిస్తుంది. చాలామంది పాత డ్రైవు పీకేసి ఇదే బిగిస్తారు. అది వచ్చాక గానీ మాకు బుర్ర వెలగలేదు. గోటెక్‌లో ఈ ఫ్లాపీలు పెట్టేదెక్కడ? డ్రైవు తీసేస్తే ఉత్తరాలు డబ్బాల్లోనే ఉండిపోతాయి.

అప్పుడు డ్రైవు విప్పాం. ఫ్లాపీ నిమిషానికి 300 సార్లు, అంటే సెకనుకు ఐదు చుట్లు తిరగాలి. మోటారు నుంచి ఆ తిప్పుడు ఒక రబ్బరు బెల్టు ద్వారా అందుతుంది. ఏళ్ళు గడిచేసరికి ఆ రబ్బరు సాగుతుంది, లేదా తారులా కరిగి అంటుకుంటుంది. ఫ్లాపీ తిరగకపోతే కంప్యూటరు లెక్కలో అది లేనట్టే. మన టేప్‌రికార్డరు బెల్టు సాగి పాట ఈడ్చుకుంటూ వచ్చేది, గుర్తుందా? ఇదీ అదే జబ్బు.

కరిగిన రబ్బరును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో ఓపిగ్గా తుడిచాం. ఈ పనికే ఒక సాయంత్రం పట్టింది. కొత్త బెల్టు కొద్ది పౌండ్లకే దొరికింది. అదే సైజు, అదే చదును రకం ఉండాలి. మరీ బిగుతైతే మోటారు మీద భారం పడుతుంది. చదివే హెడ్డును కూడా దూది పుల్లతో మెల్లగా తుడిచాం.

డ్రైవునే మార్చదలచినవారికి ఒక హెచ్చరిక. ఈ ఆమ్‌స్ట్రాడ్‌లో 5 వోల్టులు, 12 వోల్టుల తీగలు మామూలు పి.సి. డ్రైవుతో పోలిస్తే తారుమారుగా ఉంటాయి. మల్టీమీటరుతో చూడకుండా తగిలిస్తే కొత్తది మొదటి క్షణంలోనే కాలిపోతుంది.

గోటెక్ డబ్బులు దండగ కాలేదు. వెనక రెండో డ్రైవుకు దారి ఉంది. అక్కడ తగిలించి, ఫ్లాపీల నుంచి పెన్‌డ్రైవులోకి ఎక్కించాం. ఐదు ఫ్లాపీలు వచ్చాయి. ఆరోదానికి బూజు పట్టింది, ఎంత ప్రయత్నించినా చదవలేదు.

ఉత్తరాలు కాగితాల మీద ప్రింటు తీసి ఇచ్చాం. ఆవిడ మా ముందు చదవలేదు. కళ్ళజోడు, కాగితాలు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.