బర్లీ హెడ్స్ అరువు సంచి

గోల్డ్‌కోస్ట్ అనగానే మనకు 2018 కామన్వెల్త్ క్రీడలు గుర్తొస్తాయి. బ్యాడ్మింటన్ మహిళల సింగిల్స్ ఫైనల్లో సింధుపై సైనా గెలిచింది అక్కడే. ఆస్ట్రేలియాలోని ఆ నగరానికి దక్షిణం వైపున బర్లీ హెడ్స్ అనే శివారు పేట ఉంది. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండ, దాని మీద అడవి, కిందే వాగు కడలిలో కలిసే చోటు. ఈ నీళ్లలో తాబేళ్లు తిరుగుతుంటాయి. ప్లాస్టిక్ మింగిన తాబేలు పేగుల్లో వాయువు చేరితే అది మునగలేదు. మేత అందక పైనే తేలుతూ చిక్కి చనిపోతుంది.

ఆ ప్లాస్టిక్‌ను తగ్గించడానికి 2013లో టానియా పాట్స్, జోర్డిన్ డి బోయర్ ఇక్కడ 'బూమరాంగ్ బ్యాగ్స్' మొదలుపెట్టారు. ఇరుగుపొరుగు ఒకచోట చేరి పాత దుప్పట్లు, కర్టెన్లతో సంచులు కుట్టి దుకాణాల్లో పెట్టెలో ఉంచుతారు. సంచి మరిచిపోయి వచ్చినవాళ్లు ఒకటి తీసుకెళ్లి, తర్వాత తెచ్చి అందులోనే వేయాలి. డబ్బు కట్టక్కర్లేదు.

నాకు బాగా నచ్చింది ఇదే. గుడ్డ సంచి లేని ఇల్లు ఎక్కడుంది? అది తలుపు వెనక కొక్కేనికి వేలాడుతుంటుంది, మనం బజార్లో ఉంటాం. ప్లాస్టిక్ చేతికొచ్చేది అప్పుడే. తిట్టకుండా, జరిమానా వేయకుండా బర్లీ వాళ్లు సరిగ్గా అక్కడ సంచి అందించారు.

పాత బట్టే వాడటంలోనూ ఎంతో వివేకం ఉంది. పర్యావరణ నష్టాలన్నీ లెక్కేస్తే, కొత్త నూలు సంచిని దాదాపు 7,100 సార్లు వాడితే తప్ప ప్లాస్టిక్ సంచితో సరితూగదని 2018లో డెన్మార్క్ అధ్యయనం తేల్చింది. సముద్రంలో చేరే చెత్తను అది లెక్కలోకి తీసుకోలేదు, నిజమే. అయినా పత్తికి పోసిన నీళ్లు, వేసిన ఎరువులు ఉత్తవి కావు కదా! మన అమ్మమ్మలు పాత ప్యాంటు కాళ్లు కత్తిరించి సంచి కుట్టినట్టే ఇదీ. పిడి అతికే చోట నాలుగు పక్కలా కుట్టి, మధ్యలో అడ్డంగా రెండు కుట్లు వేస్తే బంగాళాదుంపల బరువుకూ ఊడిరాదు. కుట్టు రానివాళ్లు గుడ్డ కత్తిరిస్తారు, ఇస్త్రీ చేస్తారు, సంచికి అతికే జేబు మీద ముద్ర వేస్తారు.

క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం 35 మైక్రాన్లలోపు ప్లాస్టిక్ సంచులను 2018 జులై 1 నుంచి నిషేధించింది. మందపాటివి మాత్రం సూపర్‌మార్కెట్లలో 15 సెంట్లకు దొరికాయి. అందుకే చట్టం వచ్చినా పెట్టె పని తీరలేదు. ఈ అరువు సంచి పద్ధతి అప్పటికే ఎన్నో దేశాలకు పాకింది. పట్టుకెళ్లిన సంచులన్నీ తిరిగి రావు. రానివాటి బదులు మళ్లీ కుట్టాల్సిందే.