భర్త జీతం అడ్డు కాదు: అమెరికాలో ఉచిత న్యాయ సహాయం

దొంగతనం కేసులో పట్టుబడిన పేదవాడికి అమెరికాలో కోర్టే లాయరును పెట్టిస్తుంది. 1963లో గిడియన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల వచ్చిన హక్కు అది. అదే మనిషిని ఇంటి ఓనరు ఖాళీ చేయిస్తున్నా, భార్యాభర్తల మధ్య పిల్లల కస్టడీ తగాదా వచ్చినా ఆ హక్కు వర్తించదు. సివిల్ కోర్టులో చాలావరకు ఎవరి లాయరును వారే తెచ్చుకోవాలి. కన్నబిడ్డపై తల్లి హక్కులను రద్దు చేసే కేసుల్లో కూడా ప్రతిసారీ లాయరును ఇవ్వనక్కర్లేదని 1981లో లాసిటర్ కేసులో అదే సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ లోటును కొంతైనా పూడ్చడానికే 1974లో లీగల్ సర్వీసెస్ కార్పొరేషన్ పుట్టింది. అధ్యక్షుడు నిక్సన్ పదవి వదలడానికి రెండు వారాల ముందు ఆ చట్టంపై సంతకం చేశారు. కాంగ్రెస్ ఏటా ఇచ్చే సొమ్మును ఈ సంస్థ దేశమంతటా ఉన్న దాదాపు 130 లీగల్ ఎయిడ్ సంస్థలకు పంచుతుంది. ఆ సొమ్ము ఎప్పుడూ నిలకడగా లేదు. 1981లో 32 కోట్ల 10 లక్షల డాలర్లు ఉంటే మరుసటి ఏడాదే 24 కోట్ల 10 లక్షలకు కోసేశారు. 1996లో మరో పెద్ద కోత పడింది. 2017లో సంస్థనే ఎత్తేయాలని వైట్‌హౌస్ ప్రతిపాదించినా, రెండు పార్టీల సభ్యులూ కాదని మరుసటి ఏడాదికి 41 కోట్లు ఇచ్చారు. 2023 నాటికి అది 56 కోట్లకు చేరింది. పెద్ద మొత్తంలాగే కనిపిస్తుంది కానీ, పెరిగిన ధరలు లెక్కేస్తే 1981 నాటి దానిలో సుమారు సగమే. సహాయం కోరి వచ్చిన వాళ్లలో దాదాపు సగం మందిని వెనక్కి పంపాల్సి వస్తోందని 2022లో ఆ సంస్థే ప్రకటించింది.

డాక్టర్లు, ఇంజనీర్లు, వ్యాపారులతో కళకళలాడే అమెరికా తెలుగు సమాజానికి ఇది పరాయి విషయంలా తోచవచ్చు. కష్టపడి పైకొచ్చిన సమాజం మనది, అందుకు గర్వపడాల్సిందే. కానీ ఇంటి ఆదాయం ఎంత పెద్దదైనా, ఆ ఇంట్లో ఒక మనిషి చేతిలో పైసా లేకపోవచ్చు. హెచ్-1బి ఉద్యోగి భార్యగా హెచ్-4 వీసా మీద వచ్చి, వర్క్ పర్మిట్ లేక, బ్యాంకు ఖాతా కూడా భర్త ఫోనులోనే ఉన్న ఇల్లాలు సరిగ్గా అలాంటి మనిషి. ఆయన కొడుతున్నాడనో, పాస్‌పోర్టు దాచేశాడనో ఆమె చెప్పుకోవడానికి ముందు ఇంటి గుట్టు బయటపడుతుందని భయపడుతుంది. తీరా ధైర్యం చేసి లీగల్ ఎయిడ్‌కు ఫోన్ చేస్తే, తెలుగు సంఘాల్లో వలంటీర్లుగా ఉన్న లాయర్లను పదేపదే బాధపెట్టే పొరపాటు అక్కడే జరుగుతుంది.

అవతలి వాళ్లు మొదట అడిగేవి రెండే ప్రశ్నలు: మీ ఇంటి ఆదాయమెంత, మీ ఇమ్మిగ్రేషన్ స్టేటస్ ఏమిటి? ఆమె నిజాయితీగా భర్త జీతం చెబుతుంది, హెచ్-4 అంటుంది. అర్హత లేదన్న జవాబుతో ఫోన్ పెట్టేస్తుంది. మామూలుగా అయితే ఆ జవాబు తప్పు కాదు. ఈ ఫెడరల్ సొమ్ము తీసుకునే సంస్థలు సాధారణంగా ఆదాయం పేదరిక రేఖకు 125 శాతం లోపు ఉన్నవారికే సహాయం చేయాలి. 2025లో ఒంటరి మనిషికి అది ఏడాదికి సుమారు 19,560 డాలర్లు. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 వీసాల వాళ్లు సాధారణంగా అర్హులు కారు.

గృహహింస బాధితులకు మాత్రం ఈ రెండు అడ్డంకులూ తొలగిపోతాయి. హింసించిన భర్త జీతాన్ని ఆమె ఆదాయంలో కలపకూడదని నిబంధన స్పష్టంగా చెబుతోంది. అతనితో ఉమ్మడిగా ఉన్న ఖాతా, ఇల్లు కూడా ఆమె ఆస్తిగా లెక్కలోకి రావు. హింస నుంచి బయటపడటానికి సంబంధించిన ప్రొటెక్షన్ ఆర్డర్, విడాకులు, కస్టడీ వంటి పనులకు ఏ వీసా ఉందన్నది అడ్డు రాదు. అందుకే ఫోన్‌లో మొదటి మాటే “నేను గృహహింస బాధితురాలిని” అని ఉండాలి, జీతం సంగతి తర్వాత. ఫోన్ ఎత్తిన ఉద్యోగికి ఈ మినహాయింపు గుర్తు లేకపోతే సూపర్‌వైజరును అడగమనాలి. భర్త ఫ్యామిలీ ప్లాన్‌లో ఉన్న ఫోన్ మాత్రం వాడకూడదు; ఏ నంబరుకు చేసిందీ ఆ ఖాతాలో కనిపిస్తుంది. స్నేహితురాలి ఫోన్ మేలు. చుట్టాలను దుబాసీలుగా పెట్టుకోవద్దు, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగాలి.

కోర్టు కాగితాలు చేతికందాక ఆలస్యం మరీ ప్రమాదం. విడాకుల పిటిషన్ అందితే కాలిఫోర్నియాలో 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. టెక్సాస్‌లో 20 రోజులు గడిచాక వచ్చే సోమవారం ఉదయం 10 గంటలే గడువు. అది దాటితే ఆమె లేకుండానే పిల్లల విషయం తేలిపోవచ్చు. హెచ్-1బి భర్త చేత హింసకు గురైన భార్య ఐ-765వి ఫారంతో వర్క్ పర్మిట్ అడిగే వీలుంది. విడాకులైనా రెండేళ్లలోపు అడగవచ్చు. ఈ సంగతి మన ఇళ్లలో చాలామందికి తెలియదు.

సొంత ఊళ్లోనూ ఇలాంటి ఆసరా ఉంది. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం భారతదేశంలో మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు దొరుకుతారు. ఆస్తి తగాదాలో చిక్కుకున్న తల్లి తెనాలిలో ఉన్నా, కరీంనగర్‌లో ఉన్నా 15100కు ఫోన్ చేయవచ్చు. ఆ వ్యవస్థను నడిపే జాతీయ సంస్థకు మన ఉమ్మడి కృష్ణా జిల్లా పొన్నవరం బిడ్డ జస్టిస్ ఎన్.వి. రమణ ఎగ్జిక్యూటివ్ ఛైర్మన్‌గా పనిచేశారు.

లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు అన్నం పెట్టేటప్పుడు వచ్చినవారి కులం, ఊరు అడగలేదు. ఆ ఒరవడి మనది. అమెరికాలో గుడికి, పండుగకు చందాలు పోగుచేసే తెలుగు సంఘం ఏటా అందులో కొంత స్థానిక లీగల్ ఎయిడ్ సంస్థకు ఇవ్వగలదు. సిటిజన్లయిన సభ్యులు బడ్జెట్ చర్చ మొదలయ్యే వేళ తమ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు ఫోన్ చేసి, ఈ నిధులు కోయవద్దని చెప్పవచ్చు. ప్రతి నియోజకవర్గానికీ సేవలందించే లీగల్ ఎయిడ్ సంస్థ ఒకటి ఉంటుంది కాబట్టి, దాని పేరు చెప్పి, అక్కడ తెలుగువాళ్లకు ఏం సహాయం అందుతోందో రెండు మాటల్లో వివరిస్తే ఆ ఫోన్‌కు బలం వస్తుంది.